ఎత్తని చెయ్యి

ఆ ఆదివారం మధ్యాహ్నం స్టెఫానియా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వంటింటి బల్లకి తలవైపు స్టెఫానియా. ఆమె ఎడమపక్కన పెద్దకొడుకు కాజిక్, సెలవు రోజున కూడా నగర వీధుల శాఖవాళ్ళ చొక్కా విప్పకుండా. గోడకి ఆనుకుని పక్కింటి వాండా పిన్ని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని. ముందుగదిలో వార్డు నాయకుడు యూజీన్ మ్రోజెక్, చేతిలో చల్లారిపోయిన టీ కప్పుతో.

అందరికంటే ఆఖరున వచ్చింది లుద్వికా. ఆ ఇంటి ఆడపిల్ల. ఎల్లుండి మంగళవారం జరిగే పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికలో, అమెరికా కాంగ్రెస్ సీటుకి నిలబడ్డ మనిషి.

ఆమె వచ్చేసరికి బల్ల మీద గులాబీరంగు చీటీల కట్టలు, మధ్యలో పళ్ళెంలో గసగసాల రొట్టె ముక్కలు. ప్రైమరీకి ముందు ఆదివారం ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగేదే అది. వార్డు నుంచి చీటీలు వస్తాయి. ఏ పదవికి ఎవరికి ఓటు వెయ్యాలో వార్డు పెద్దలు అచ్చేయించిన చీటీలు. ఇంటిల్లిపాదీ కూర్చుని వాటిని మూడు మడతలు పెడతారు.

లుద్వికా కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. చేతులు కడుక్కుంది. చిన్నప్పటినుంచీ తనదైన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, అలవాటు కొద్దీ, పేర్లు చూడకుండానే, దగ్గరున్న కట్టలోంచి ఒక చీటీ తీసింది. కింద మూడోవంతు పైకి, పై మూడోవంతు వెనక్కి. బొటనవేలు పెట్టేచోట మొదటి పేరు కనబడాలి. అది అమ్మ నేర్పిన మడత.

నాలుగైదు మడతపెట్టింది. ఎవరూ ఆపలేదు. కాజిక్ చేతులు మాత్రం ఆగిపోయాయి.

అప్పుడు చూసింది, తన బొటనవేలి కింద ఉన్న పేరు. గ్రాంట్ వెదర్బీ.

"చదవకుండా మడతపెట్టకూడదని చిన్నప్పుడు నీకెవరూ చెప్పలేదా?" అంది వాండా పిన్ని, మెల్లగా.

"ఈ ఇంట్లో చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు పిన్నీ."

లుద్వికా తాను మడతపెట్టిన చీటీలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. అంచులు సరిచేసింది. తనని ఓడించే కాగితాలు తన చేతులే అంత పొందిగ్గా మడిచాయి. వాటిని విప్పాలో అలాగే ఉంచాలో తెలియక వాటి వైపే చూస్తూ ఉండిపోయింది.

"టీ పెట్టనా?" అంది స్టెఫానియా.

"వద్దమ్మా."

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"ఓట్లడుగుతూ చర్చి మెట్ల మీద నిలబడ్డాను. తినడానికి తీరిక లేదు."

స్టెఫానియా గసగసాల రొట్టె పళ్ళెం ఆమె వైపు జరిపింది. లుద్వికా దాన్ని ముట్టుకోలేదు.

డెలవేర్ నది ఒడ్డున, ఫిలడెల్ఫియాకి ఒక మూల ఉంది ఆ పేట. గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ళు, ఒక్కో ఇంటికీ మూడేసి మెట్లు. అక్కడ నవంబరు ఎన్నిక పేరుకే. మే నెలలో పార్టీ ప్రైమరీలో గెలిచినవాళ్ళే గెలిచినట్టు. మేలో గెలవాలంటే వీధివీధికీ ఉన్న వార్డు మనుషుల చేతిమీదుగా చీటీ రావాలి. ఈ నాలుగు వీధులకీ ఆ చెయ్యి స్టెఫానియాది. అదే సీటుకి నిలబడ్డ వెదర్బీకి కొండ అవతలి పేటల్లో ఎదురులేదు. నది ఒడ్డు లుద్వికాని నిలబెడితే తప్ప ఆమెకి ఆశ లేదు. ఆ సంగతి బల్ల దగ్గరున్న ప్రతివాళ్ళకీ తెలుసు.

"అన్నయ్యా, నువ్వు కూడానా?" అంది లుద్వికా.

కాజిక్ చీటీల వైపు చూస్తూ అన్నాడు. "నన్ను చూడకు లుద్కా. అమ్మ కూర్చోమంది. కూర్చున్నాను."

"కూర్చోమంటే కూర్చుంటావు. మడవమంటే మడుస్తావు. చెల్లెల్ని ముంచమంటే?"

"నిన్ను నిలబడమని నేను చెప్పానా? నిలబడేముందు ఈ చొక్కా ఎవరిచ్చారో ఒక్కసారి ఆలోచించావా? మ్రోజెక్ వాళ్ళ నాన్న ఒక్క మాట చెబితే వచ్చిన ఉద్యోగం ఇది. నా పిల్లలు తినే తిండి ఇది."

"ఇరవయ్యేళ్ళ కిందటి మాటకి ఇంకా వడ్డీ కడుతున్నావు."

"కడతాను. నువ్వు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటావు, నీకేం. మంచు పడ్డ రోజు దాన్ని తోసే బండ్లలో ఏది ఎవరికివ్వాలో వార్డులో కూర్చున్నవాళ్ళే చెబుతారు. నీకు తెలీదు."

"నాకు తెలీదా? నేను ఈ ఇంట్లో పుట్టలేదా?"

"పుట్టావు. వెళ్ళిపోయావు."

స్టెఫానియా చీటీ మడత మీద గోరుతో గీత గీసింది. ఆ చప్పుడు వినబడింది. అంతే, ఇద్దరూ ఊరుకున్నారు. ఆ ఇంట్లో ఆవిడ నోటితో గదమాయించింది తక్కువ.

వాండా పిన్నికి మౌనం గిట్టదు. "నేను చెబుతా విను లుద్కా. నా మీద కూడా కోపం తెచ్చుకో, పరవాలేదు. ఎన్నిక రోజున పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చీటీలు పంచితే వంద డాలర్లు ఇస్తారు. నవంబరు డబ్బుతో పైపళ్ళు కట్టించుకున్నా. ఈ మే డబ్బుతో కిందిపళ్ళు. నువ్వు గెలిచి వాషింగ్టనులో మాట్లాడితే, కిందిపళ్ళు లేకుండా నేను చుట్టుపక్కలవాళ్ళకి నీ గురించి ఎలా గొప్పలు చెప్పను?"

కాజిక్ నవ్వాపుకోలేకపోయాడు. లుద్వికాకి కూడా పెదవి అంచున ఏదో కదిలింది. అలా నవ్వొచ్చినందుకే ఆమెకి కళ్ళు మండాయి. ఈ మనుషులే కదా తనని పెంచింది.

చిన్నప్పుడు ఎన్నికంటే ఆ ఇంటికి పండగే. వీధివాళ్ళందరూ ఓటు వేసేది వీళ్ళింటి గ్యారేజీలోనే. ముందురోజు నాన్న కారు బయట పెట్టి, నేల కడిగి, చర్చి నుంచి మడత కుర్చీలు మోసుకొచ్చేవాడు. నగరం నుంచి ఓటు యంత్రం బండి మీద వచ్చేది, ఆకుపచ్చ తెరతో. మీట లాగితే తెర దానంతటదే మూసుకునేది. ఎవరూ చూడనప్పుడు లుద్వికా ఆ తెర వెనక నిలబడేది. లోపల ఇనుము వాసన, నూనె వాసన. తన ఇంట్లోనే ఎవరికీ కనబడని చోటు ఒకటి దొరికినట్టుండేది.

అమ్మ తెల్లారకముందే పెద్ద గిన్నెలో క్యాబేజీ పులుసు పెట్టేది. పనిచేసేవాళ్ళకే కాదు, ఓటు వేసి వెళ్ళేవాళ్ళకీ ఒక గిన్నెడు. ముసలి మ్రోజెక్, ఈ యూజీన్ వాళ్ళ నాన్న, చంకలో పంది తొడ మాంసం పొట్లంతో వచ్చేవాడు. ఒక్కో ఇంటి మెట్లెక్కి, వాళ్ళ నేలమాళిగ తడి ఆరిందా, అల్లుడికి పని దొరికిందా అని అడిగేవాడు. ఒక చలికాలం నది పొంగి నేలమాళిగల్లోకి నీళ్ళొస్తే, తోడే యంత్రాన్ని తనే తోసుకుంటూ వచ్చాడు. నాన్న పోయినప్పుడు వీధి చివరిదాకా వరసకట్టి నిలబడ్డవాళ్ళలో అతను మొదట ఉన్నాడు.

అదంతా ఊరికే రాలేదని లుద్వికాకి పెద్దయ్యాక తెలిసింది. కానీ ఆ రోజుల్లో డబ్బుకి ఒక మొహం ఉండేది. మాంసం పొట్లం పట్టుకుని మెట్లెక్కేది. వెదర్బీ డబ్బుకి మొహం లేదు. నగరం నడిబొడ్డున పార్టీ కార్యాలయానికి అచ్చు ఖర్చులంటూ వెళ్ళింది. అక్కడినుంచి వార్డులకి దిగింది. ఆ మనిషి ఈ వీధిలో ఒక్కసారి కూడా నడవలేదు.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను. నా చీటీ పంచమని అడగను. మంగళవారం నువ్వు గ్యారేజీ ముందు కూర్చోకు. ఒంట్లో బాగోలేదని ఇంట్లో ఉండిపో. అంతే."

"నాకు ఒంట్లో బాగానే ఉంది."

"ఆ ఒక్కరోజు బాగోలేదనుకో."

"నీకు నడక రాకముందు నుంచీ ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. మీ నాన్న పోయిన ఏడు కూడా కూర్చున్నాను. ఇప్పుడు లేని జబ్బు ఎక్కడినుంచి తెచ్చుకోను?"

"అంటే నా ఎదురుగా కూర్చుని నా వీధివాళ్ళ చేతుల్లో అతని పేరు పెడతావు."

స్టెఫానియా ఇంకో చీటీ తీసుకుంది.

"సరే. అయితే నేను కూడా గ్యారేజీ ముందే నిలబడతాను. నీ పక్కనే. నా కాగితాలు నేను పంచుకుంటాను. ఈ వార్డు ఎంతకి అమ్ముడుపోయిందో వచ్చినవాళ్ళకల్లా చెబుతాను."

ముందుగదిలో కప్పు పెట్టిన చప్పుడైంది. యూజీన్ మ్రోజెక్ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లావుపాటి మనిషి. చర్చికి కట్టుకున్న టై ఇంకా వదులు చెయ్యలేదు. తండ్రి పోలికే, తండ్రి నవ్వు మాత్రం రాలేదు.

"ఆ ఒక్క మాట అనకు లుద్కా," అన్నాడు. "మిగతావి ఏవన్నా అను."

"ఎందుకు మామయ్యా? గుచ్చుకుందా?"

"యూజీన్," అంది స్టెఫానియా. "నువ్వెళ్ళి కూర్చో."

"కూర్చుంటాను స్టెఫానియాగారూ. రెండు నెలలుగా కూర్చునే ఉన్నాను. ఈ పిల్ల వీధివీధికీ తిరిగి వార్డు అమ్ముడుపోయిందంటోంది. కాగితాల మీద అచ్చేయించింది. నా మనవరాలు బడినుంచి ఆ కాగితం తెచ్చి, తాతయ్యా ఇది నువ్వేనా అని అడిగింది. అప్పుడూ కూర్చునే ఉన్నాను."

"డబ్బు తీసుకోలేదా మీరు?" అంది లుద్వికా.

"తీసుకున్నాం. ప్రతి ఏడూ ఎవరో ఒకరి దగ్గర తీసుకుంటాం. లేకపోతే ఈవిడ కిందిపళ్ళు ఎవరు కట్టిస్తారు? కానీ మేం నీ పేరు వెయ్యలేదే, అది డబ్బు వల్ల కాదు."

"యూజీన్," అంది స్టెఫానియా మళ్ళీ.

వాండా పిన్ని ఒళ్ళో తువ్వాలు ముడిపెట్టడం మొదలుపెట్టింది. కాజిక్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"పైవాళ్ళు వెదర్బీ పేరు పంపించారు. నిజమే. మన వీధిపిల్ల నిలబడితే మన దారి మనదని నేను వాళ్ళకి చెప్పొచ్చాను. కావాలంటే అడిగి తెలుసుకో. చర్చి నేలమాళిగలో వార్డు సమావేశం పెట్టాం. మొదట చదివింది నీ పేరే."

లుద్వికా తల్లి వైపు చూసింది. తల్లి చీటీ వైపు చూస్తోంది.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. కాగితం మీద ఎక్కడా రాసుండదు. ఎవరింటి మనిషి పేరైనా చదివితే, ఆ ఇంటి పెద్ద ముందు చెయ్యెత్తాలి. ఆ తర్వాతే మిగిలినవాళ్ళు. పెద్దవాళ్ళు ముద్ద కలపకముందు పిల్లలు విస్తట్లో చెయ్యి పెట్టనట్టు. ముందే ఎత్తితే, నీ బిడ్డ మీద నీకంటే నాకే ఎక్కువ హక్కు ఉందని చెప్పినట్టవుతుంది. అంత మాట ఆ పేటలో ఎవరూ అనరు. లుద్వికాకి ఆ పద్ధతి తెలుసు. తన కోసం దాన్ని తలుచుకోవాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"గది గదంతా మీ అమ్మ చెయ్యి వైపే చూసింది," అన్నాడు మ్రోజెక్. "నేను పేరు రెండోసారి చదివాను. ఆవిడకి వినబడలేదేమోనని. చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు. తర్వాత వెదర్బీ పేరు చదివాం. దానికీ ఆవిడ ఎత్తలేదు. కానీ ఆ పేరుకి ఈ వార్డులో ఇల్లు లేదు కదా, పెద్దలు లేరు. మిగిలినవాళ్ళు ఎత్తేశారు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ కట్టెయ్యలేదు.

"నిజమేనా?" అంది లుద్వికా. ఆ ప్రశ్న వాండా పిన్నిని అడిగింది. తల్లిని అడగడానికి నోరు రాలేదు.

"నేను అక్కడే ఉన్నాను తల్లీ. నా చెయ్యి సగం లేచింది కూడా. మీ అమ్మని చూసి దించేశా."

"అన్నయ్యా, నీకు తెలుసా?"

కాజిక్ కిటికీలోంచి తల తిప్పలేదు. "వీధంతటికీ తెలుసు."

వీధంతటికీ తెలుసు. రెండు నెలలుగా తను తట్టిన తలుపులన్నీ ఒక్కొక్కటే లుద్వికాకి గుర్తుకొచ్చాయి. తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, "అమ్మ ఏమంటోంది?" అని అడిగినవాళ్ళు. ఆప్యాయత అనుకుంది. "మా అమ్మ నా వెనకే ఉంది" అని నవ్వుతూ చెప్పింది ప్రతిచోటా. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఇంకో బిస్కెట్టు తీసుకోమన్నారు. అది జాలి.

"అమ్మా."

స్టెఫానియా మడుస్తున్న చీటీ బల్ల మీద పెట్టింది.

"ఎందుకు ఎత్తలేదు?"

"ఇప్పుడు చెప్పను."

"అన్నయ్య ఉద్యోగం కోసమా?"

"కాదు."

"నీ కుర్చీ పోతుందనా?"

"ఈ కుర్చీలో ఏముందే, గట్టి చెక్క." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "బుధవారం రా. పులుసు పెడతాను. అప్పుడు చెబుతాను."

"బుధవారానికి అంతా అయిపోతుందమ్మా."

"అయిపోయాకే చెప్పాలి."

"నేను గెలవననుకున్నావా? అదేనా? నీ కూతురు నలుగురిలో నవ్వులపాలవుతుందని సిగ్గుపడ్డావా? ఆ మాటే చెప్పు. నాకు అదైనా నయం."

స్టెఫానియా పెదవులు కదిలాయి. మ్రోజెక్ వైపు చూసింది, వాండా వైపు చూసింది. పెదవులు మళ్ళీ మూసుకుపోయాయి.

లుద్వికా లేచింది. పీట కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. తాను మడిచిన నాలుగైదు చీటీలు తీసి విప్పి, అరచేత్తో సాపు చేసి, ఇంకా మడవనివాటి మీద పెట్టింది. కోటు తీసుకుని మ్రోజెక్ పక్కనుంచి ముందుగది దాటి బయటికి వచ్చేసింది.

బయట ఎండ కాస్తోంది. వీధిలో ప్రతి ఇంటి మెట్ల మీదా మనుషులున్నారు. ఆదివారం భోజనాలయ్యాక వాళ్ళు అలాగే కూర్చుంటారు, కాళ్ళు చాపుకుని, చిన్న పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని. చిన్నప్పుడు ఆ మెట్ల వరస చివరినుంచి చివరిదాకా పరిగెత్తితే, దారిపొడుగునా ఎవరో ఒకరు తన పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఇప్పుడు తనని చూసి మాటలు ఆపేశారు.

ఆమె వెనక, వీధి తలుపు దగ్గర స్టెఫానియా నిలబడి ఉంది. ఇంట్లోవాళ్ళని వదిలేసి తన వెనకే వచ్చింది.

"కోటు గుండీలు పెట్టుకో. నది మీద గాలి చల్లగా ఉంది."

లుద్వికా గుండీలు పెట్టుకోలేదు. కాలిబాట మీద నిలబడి తల్లి వైపు తిరిగింది. రెండు నెలలుగా ప్రతి ఇంటి ముందూ ఎలా నిలబడిందో అలాగే నిలబడింది. నాలుగిళ్ళ అవతలికి కూడా వినబడేంత గొంతుతో అడిగింది.

"మంగళవారం నాకు ఓటు వేస్తావా అమ్మా?"

మెట్ల మీద ఒక పసిపిల్ల ఏదో అనబోతే వాళ్ళమ్మ నోరు మూసింది.

స్టెఫానియా వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత కూతుర్ని చూసింది.

"నువ్వడిగేది నన్నా, వీళ్ళనా?"

"నిన్నే."

"అయితే లోపలికొచ్చి అడుగు. నీ ఇల్లే."

ఆవిడ పక్కకి జరిగింది. తెరిచిన తలుపులోంచి చివరిదాకా కనబడుతోంది. ముందుగది, దాని వెనక వంటిల్లు, బల్ల, ఖాళీ ముక్కాలిపీట. కాజిక్ ఎప్పుడో మళ్ళీ వచ్చి కూర్చుని చీటీలు మడుస్తున్నాడు.

లుద్వికా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. లోపలికి వెళ్తే అమ్మ నిజం చెబుతుందేమో. వెళ్తే ఆ పీట మీదే కూర్చోవాలి, ఆ కాగితాల ముందే. మ్రోజెక్ ఉన్న ఇంట్లోకి తను తిరిగి వెళ్ళిందని ఈ మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ చూస్తారు. పొద్దుగూకేలోగా పేటంతా, రాజీపడిందని అనుకుంటుంది. వెళ్ళకపోతే?

రెండో కాలు లేవలేదు.

ఆమె వెనక్కి, మెట్ల మీద మనుషుల వైపు చూసింది. ఒక్కసారే. ఆ చూపు తల్లి చూసిందని ఆమెకి తెలిసింది.

స్టెఫానియా ఇంకాసేపు ఆగింది. ఆ తర్వాత, గుమ్మంలోకి ఏదో అమ్మడానికి వచ్చిన పరాయి మనిషికి చెప్పినంత మర్యాదగా, "సరేనమ్మా" అని తలుపు వేసేసింది.